అప్‌డేట్: ప్లైవుడ్ తలుపుల ఎడ్జ్ బ్యాండ్ లేచిపోవడం ఆగింది

కిచెన్ కప్‌బోర్డులకి నేనే కోసుకున్న 18 మి.మీ. ప్లైవుడ్ తలుపుల అంచులకి ఇస్త్రీపెట్టెతో అతికించే వెనీర్ పట్టీ (వెనక జిగురుండే పల్చటి చెక్క పట్టీ, అదే ఎడ్జ్ బ్యాండ్) అక్కడక్కడా లేస్తోందని అడిగాను కదా, విషయం తేలింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

తలుపు ఒకటి తెలిసిన వడ్రంగి గారికి చూపించాను. ఆయన పట్టీ పీకి, అంచుని ఏటవాలు వెలుతురులో చూడమన్నారు. పొరల మధ్య సన్నటి ఖాళీలు, వాటి నిండా రంపపు పొట్టు. ఇక జిగురుకి పట్టెక్కడ దొరుకుతుంది! "ముందు అంచు నింపండి" అని ఇక్కడ ఒకరు రాసిందే నిజమైంది. ఖాళీల్లో వుడ్ ఫిల్లర్ కూరి, ఆరాక చెక్కముక్కకి చుట్టిన 120 నంబరు శాండ్‌పేపర్‌తో చదును చేసి, దుమ్మంతా తుడిచాను. అసలు కిటుకు ఆ తర్వాతే ఉంది: ఇస్త్రీపెట్టె జరిపిన వెంటనే చెక్కముక్కతో గట్టిగా అదిమి రుద్దాలి, జిగురు చల్లారేదాకా వదలకూడదు. పక్కకి మిగిలిన పట్టీ పూర్తిగా చల్లారాకే కోయాలి.

వేడి పెంచితే ఒరిగిందేమీ లేదు, వెనీర్ మాడడం తప్ప. తేమ వల్ల లేస్తోందేమో అన్న అనుమానమూ వట్టిదే. సింకుకి దూరంగా ఉన్న తలుపులూ అలాగే లేచాయి. అయినా సింకు కింద తలుపులకి మాత్రం 2 మి.మీ. పీవీసీ పట్టీ వేశాను. అది నాలుగంచులకీ వేసేవాళ్లు, పట్టీ మందం రెండు వైపులా కలుస్తుంది కాబట్టి, తలుపు పొడవులో, వెడల్పులో 4 మి.మీ. చొప్పున తగ్గించి కోసుకోండి.