నాసిరకం, నకిలీ, లోపం: ఇంగ్లీషులో ఏ మాట ఎక్కడ?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తరఫున బిల్డర్‌కు ఇంగ్లీషులో లేఖ రాస్తున్నాం. గోడలు పగుళ్లిచ్చాయి, బాత్రూముల్లో లీకేజీ, తలుపులు ఉబ్బిపోయి మూసుకోవడం లేదు. అన్నిటికీ ‘పూర్ క్వాలిటీ’ అనే రాశాం. ‘షాడీ’ (shoddy) అంటే ఘాటుగా ఉంటుందని ఒకరు, ‘ఇన్‌ఫీరియర్’ హుందాగా ఉంటుందని ఇంకొకరు అంటున్నారు. ఏది రాయాలి?

జవాబు: మూడూ సరైన మాటలే. కానీ మూడింటి అర్థం ఒకటి కాదు. తెలుగులో ‘నాసిరకం’ అంటే సరుకు బాగాలేకపోయినా, పని బాగాలేకపోయినా అందులోనే సర్దుకుంటుంది. ఇంగ్లీషులో మాట ఎంచుకునే ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి. చేతికొచ్చిన వస్తువులోనా, దానికి వాడిన ముడిసరుకులోనా, పనితనంలోనా, అమ్మినవాడి ఉద్దేశంలోనా? ఒక్కో చోటికి ఒక్కో విశేషణం ఉంది.

మీ లేఖే తీసుకుందాం. ఒప్పందంలో టేకు అని రాసి తలుపులకు చవక చెక్క వాడితే అది ‘ఇన్‌ఫీరియర్ మెటీరియల్’. ఒకదానితో పోల్చి, దానికంటే తక్కువ రకం అని చెప్పే మాట ఇది. కాబట్టి దేనితో పోలుస్తున్నారో కూడా రాయాలి. బాత్రూముల్లో వేసిన వాటర్‌ప్రూఫింగ్ మందు మంచిదే అయినా మూలల్లో సరిగా పూయక నీళ్లు దిగుతుంటే అది ‘పూర్ వర్క్‌మన్‌షిప్’. గోడ పగుళ్లను ‘డిఫెక్ట్’ అనండి. పిల్లర్లు, బీములదాకా వెళ్లాయని ఇంజినీర్ చెబితేనే ‘స్ట్రక్చరల్ డిఫెక్ట్’ అనండి.

ఇంత పట్టింపు ఎందుకంటే 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్‌లో ఉన్నవి ఈ మాటలే. ఫ్లాట్ అప్పగించిన 5 ఏళ్లలోపు స్ట్రక్చరల్ డిఫెక్ట్ గానీ, వర్క్‌మన్‌షిప్‌లో, క్వాలిటీలో ఇంకే డిఫెక్ట్ గానీ బయటపడి మీరు తెలియజేస్తే, 30 రోజుల్లోగా బిల్డర్ అదనపు సొమ్ము తీసుకోకుండా సరిచేయాలి. చట్టం వాడిన మాటనే మీరూ వాడితే, ఇది ఆ సెక్షన్ కిందికి రాదని అవతలివాళ్లు వాదించడం కష్టమవుతుంది. ‘వెరీ బ్యాడ్’, ‘పూర్ క్వాలిటీ’ అని మాత్రమే రాస్తే మీ కోపం తెలుస్తుంది తప్ప మీ ఫిర్యాదు ఏమిటో తెలియదు. విశేషణం పక్కన చూసిన సంగతి కూడా రాయండి: ఏ గది, ఏ గోడ, పగులు ఎంత పొడవు, ఎప్పటినుంచి.

ఇక ‘షాడీ’. పని మీద శ్రద్ధ లేకుండా, పైపైన ముగించేశారనే నింద ఇందులో ఉంది. మన ‘తూతూమంత్రంగా చేశారు’ అన్నదానికి దగ్గర. పత్రికకు ఉత్తరం రాస్తే బాగా నప్పుతుంది, నోటీసులో వద్దు.

ఈ మాట పుట్టింది తిట్టుగా కాదు. 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, బ్యాట్లీ ఊళ్లో, పాత ఉన్ని గుడ్డల్ని చీల్చి పీచుగా చేసి, కొంత కొత్త ఉన్ని కలిపి మళ్లీ నూలు వడికేవారు. ఆ నూలు పేరే షాడీ. 1813లో బెంజమిన్ లా అనే ఆయన ఈ పద్ధతి మొదలుపెట్టాడని చెబుతారు. గట్టిగా నేసిన గుడ్డల నుంచి తీసిన పొట్టి పీచుకు ‘మంగో’ అని వేరే పేరు ఉండేది. మన మామిడికీ దానికీ సంబంధం లేదు. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలయ్యాక సైనికులకు హడావిడిగా కుట్టించిన యూనిఫారాల్లో ఈ గుడ్డ చాలా చేరింది. వాటిలో చాలావరకు వానకు తడిసి, కొద్ది రోజుల వాడకానికే చివికిపోయాయి. సైనికుల కష్టం మీద కాంట్రాక్టర్లు సొమ్ము చేసుకున్నారన్న ఆగ్రహంతో ఆ మాట తిట్టుగా స్థిరపడింది. అందుకే ఈ రోజుకీ ‘షాడీ’ అంటే తక్కువ రకం అన్న అర్థం వెనక మోసం వాసన ఉంటుంది. హర్యానాలోని పానిపట్‌లో మాత్రం పాత ఉన్ని బట్టలతో నూలు, దుప్పట్లు తయారుచేసే పరిశ్రమను ఇప్పటికీ షాడీ పరిశ్రమ అనే అంటారు. అక్కడ ‘షాడీ యార్న్’ అంటే సరుకు పేరు, నింద కాదు. పనికిరాదని పారేసిన దాన్ని మళ్లీ వాడకంలోకి తెచ్చే ఆ పనిని చిన్నచూపు చూడకూడదని నా అభిప్రాయం.

మన బజారు ఇంగ్లీషు గురించి కూడా చెప్పాలి. ఎక్కువ మంది పొరపడేది అక్కడే. మెకానిక్ షాపులో ‘డూప్లికేట్ పార్ట్’ అంటే నకిలీది. కానీ మామూలు ఇంగ్లీషులో డూప్లికేట్ అంటే అచ్చం అలాంటిదే ఇంకొక ప్రతి, అంతే. టెన్త్ సర్టిఫికెట్ పోతే బోర్డు వాళ్లే ఇచ్చే డూప్లికేట్ సర్టిఫికెట్‌లో మోసం ఏమీ లేదు. విదేశీ కంపెనీకి ఫిర్యాదు రాస్తూ ‘డూప్లికేట్ పార్ట్ పంపారు’ అంటే ఒకే పార్ట్ రెండుసార్లు వచ్చిందనుకుంటారు. అక్కడ ‘కౌంటర్‌ఫీట్’ అనాలి. ‘లోకల్ మాల్’ కూడా అంతే. మనకు అది పేరులేని తక్కువ రకం సరుకు, వాళ్లకు ఆ ఊళ్లో తయారైన సరుకు. ‘థర్డ్ క్లాస్’ అనే తిట్టు రైళ్ల నుంచి వచ్చి ఉంటుంది. మన రైళ్లలో 1974లోనే ఆ తరగతి ఎత్తేశారు, తిట్టు మాత్రం మిగిలింది. రాతలో ‘థర్డ్ రేట్’ అనడం మేలు.

‘షాబీ’ (shabby) అనే మాటను కొత్త వస్తువుకు వాడకండి. వాడి వాడి వెలిసిపోయిన, నలిగిపోయిన దానికే అది. నిన్న కొన్న చొక్కా కుట్టు ఊడితే అది షాబీ కాదు, ‘బ్యాడ్లీ స్టిచ్డ్’.

ప్రశ్న: ‘డిఫెక్టివ్’, ‘ఫాల్టీ’, ‘డెఫిషియెంట్’, ‘సబ్‌స్టాండర్డ్’ మాటేమిటి? ‘ఇన్‌ఫీరియర్ దేన్’ తప్పా?

జవాబు: చివరిది ముందు. తప్పే. ‘ఇన్‌ఫీరియర్ టు’ అనాలి. ‘మోర్ ఇన్‌ఫీరియర్’ కూడా కుదరదు, పోలిక ఆ మాటలోనే ఉంది.

‘డిఫెక్టివ్’ అంటే ఈ ఒక్క పీస్‌లో లోపం ఉంది. అదే మోడల్‌లో మిగతావి బాగుండొచ్చు. ‘ఫాల్టీ’ కూడా దాదాపు అంతే, అయితే స్విచ్, వైరింగ్, మోటార్ లాంటి పనిచేసే వాటికి ఎక్కువ వాడతారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో వస్తువు విషయంలో ‘డిఫెక్ట్’ అన్నారు, సేవ విషయంలో ‘డెఫిషియెన్సీ’ అన్నారు. ఫ్రిజ్ చల్లబడకపోతే మొదటిది, రిపేర్‌కు వస్తామని రాకపోతే రెండోది. కన్జ్యూమర్ కమిషన్‌కు రాసేటప్పుడు ఈ రెండూ కలపకండి.

‘సబ్‌స్టాండర్డ్’ వాడాలంటే కొలత ఉండాలి. టోన్డ్ పాలలో కనీసం 3 శాతం వెన్న ఉండాలని నిబంధన. పరీక్షలో 2.7 వచ్చిందంటే అవి సబ్‌స్టాండర్డ్ పాలు. ఆరోగ్యానికి హాని చేసేది కలిస్తే ‘అన్‌సేఫ్’. 2006 నాటి ఆహార భద్రత చట్టంలో మొదటిదానికి జరిమానా, రెండోదానికి జైలు కూడా ఉంది. పాలు పల్చగా అనిపించినంత మాత్రాన సబ్‌స్టాండర్డ్ అని రాయలేం.

‘మీడియోకర్’ గురించి ఒక్క మాట. చాలామంది ‘చెత్త’ అనే అర్థంలో వాడుతున్నారు. అది మన ‘అంతంతమాత్రం’.

ప్రశ్న: నేను పత్రికలో అనువాదాలు చేస్తాను. మందుల వార్తల్లో ‘స్ప్యూరియస్’నీ ‘నాట్ ఆఫ్ స్టాండర్డ్ క్వాలిటీ’నీ మా డెస్క్‌లో నకిలీ అనే రాస్తున్నాం. ఫరవాలేదా?

జవాబు: దయచేసి విడదీయండి. అసలు కంపెనీ తయారుచేసిన మాత్రలోనే మందు మోతాదు తగ్గితే, లేదా మాత్ర సరిగా కరగకపోతే అది ‘నాట్ ఆఫ్ స్టాండర్డ్ క్వాలిటీ’. అంటే ప్రమాణాలకు తగ్గది, నాసిరకం. ఇంకెవరో ఆ కంపెనీ పేరు వేసి అమ్మితే ‘స్ప్యూరియస్’, అంటే నకిలీ. మన డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 17బి సెక్షన్‌లో స్ప్యూరియస్‌కు విడిగా నిర్వచనం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2017లో ‘సబ్‌స్టాండర్డ్’, ‘ఫాల్సిఫైడ్’ (నకిలీ) అని వేటికవి విడగొట్టింది. ‘కౌంటర్‌ఫీట్’ ట్రేడ్‌మార్క్ తగాదాలకు సంబంధించిన మాట కాబట్టి దాన్ని పక్కన పెట్టింది.

విత్తనాల వార్తలకూ ఇదే వర్తిస్తుంది. ధృవీకరించిన వరి విత్తనంలో కనీసం 80 శాతం మొలకెత్తాలి. 60 శాతమే మొలిస్తే అది నాసిరకం. పేరున్న కంపెనీ సంచిలో ఎక్కడివో గింజలు పోసి అమ్మితే నకిలీ. రెండు చోట్లా రైతు నష్టపోతాడు, కానీ పోలీసులు వెతకాల్సిన మనిషి వేరు. ల్యాబ్ రిపోర్ట్ రాకముందు ఈ రెండిట్లో ఏదీ శీర్షికలో పెట్టకండి, ‘అనుమానిత విత్తనాలు’ అనండి.