మంచు చాలనప్పుడు స్నోమొబైల్ ట్రైల్ (మంచు మీద నడిపే మోటారు బళ్ల దారి) మూసేయాలా, నడిపేవాళ్ల ఇష్టానికి వదిలేయాలా? (మిషిగన్, యూపీ)

ట్రాయ్_సుబ్బు:
ముందే చెప్తున్నా, యూపీ అంటే ఉత్తరప్రదేశ్ కాదు, మిషిగన్‌లోని అప్పర్ పెనిన్సులా.

పోయిన నెల నలుగురం ట్రాయ్ నుంచి తొమ్మిది గంటలు కారు తోలుకుంటూ హౌటన్ వెళ్లి స్నోమొబైళ్లు అద్దెకు తీసుకున్నాం. బిల్ నికల్స్ ట్రైల్ మొదట్లో బ్రహ్మాండంగా ఉంది. పాత రైలు కట్ట మీద వేసిన దారి కదా, తిన్నగా, నున్నగా పోయింది. దక్షిణానికి దిగేకొద్దీ మంచు పలచబడింది. ఒక మలుపు తిరిగాక అంతా కంకరే! ముందున్న స్కీల కింద కార్బైడ్ లోహపు పట్టీలు రాళ్లకు తగిలి నిప్పురవ్వలు లేచాయి. ఇంజన్ టెంపరేచర్ లైటు వెలిగింది. ఈడ్చుకుంటూ వెనక్కి తెచ్చి ఇస్తే, స్లైడ్లు (బండి కింది ప్లాస్టిక్ పట్టీలు) కరిగిపోయాయని షాపువాళ్లు డిపాజిట్‌లో సగం పట్టుకున్నారు. "ట్రైల్ తెరిచే ఉంది కదండీ" అన్నా. "ఉంది, చూసుకుని నడపాల్సింది మీరే" అన్నారు.

పక్కనే విస్కాన్సిన్‌లో మంచు చూసి ఏ కౌంటీ (మన జిల్లా లాంటిది) ట్రైళ్లు ఆ కౌంటీ తెరుస్తుంది, మూస్తుంది. మూసినదాని మీద దొరికితే ఫైనే. ఇక్కడ మాత్రం డిసెంబర్ 1 నుంచి మార్చి 31 దాకా సీజన్, మంచు ఉందో లేదో మన తలనొప్పి. మరి పర్మిట్‌కి 52 డాలర్లు ఎందుకు వసూలు చేస్తున్నట్టు?

హౌటన్_వాసి:
సుబ్బు గారూ, డిపాజిట్ పోవడం బాధే. కానీ విస్కాన్సిన్ పద్ధతి ఇక్కడికి తెస్తే మునుగుతాం. నేను మిషిగన్ టెక్‌లో ఎంఎస్ చేయడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాణ్ని. ఇక్కడి మంచు కౌంటీ గీతలు చూసుకుని పడదు. వాయవ్యం నుంచి వచ్చే చలిగాలి సుపీరియర్ సరస్సు మీద తడి ఎత్తుకుని, నేల తగిలి పైకి లేవగానే కుమ్మరిస్తుంది. హౌటన్ వీధుల్లో బురద ఉన్న రోజే కాలుమెట్‌లో మోకాలి లోతు మంచు చూశాను. రెండూ ఒకే కౌంటీ! కౌంటీ మొత్తం మూస్తే ఎవరికి లాభం? మోహాక్ దగ్గర యూఎస్-41 హైవే పక్కన ఎత్తయిన మంచు కొలబద్ద ఉంటుంది, ఫొటో దిగే ఉంటారు. 1978-79లో 390.4 అంగుళాలు పడిందని ఉంటుంది దాని మీద. అంటే 32 అడుగుల పైమాటే.

ఇంకో సంగతి. 2023-24 చలికాలం మిషిగన్ రికార్డుల్లోకెల్లా వెచ్చనిది. మార్కెట్ (Marquette) ఊళ్లో జరిగే యూపీ 200 కుక్కబండ్ల పందెం కూడా రద్దయింది. మోటళ్లు, పెట్రోల్ బంకులు, చిన్న హోటళ్లు దెబ్బతింటే ఫెడరల్ ప్రభుత్వం తక్కువ వడ్డీ అప్పులు ఇవ్వాల్సి వచ్చింది. "మూసివేత" అనే మాట ఒక్కసారి నెట్‌లో కనిపిస్తే చాలు, మంచు ఉన్న ఊళ్లలో బుకింగులూ ఎగిరిపోతాయి.

గుంటక_రాజు:
అన్నా, మోటళ్ల బాధ సరే. దారి వేసేవాళ్ల బాధో?

మా క్లబ్బు గ్రూమర్‌లో (ట్రైల్ మీద మంచు చదును చేసే బండి) రెండు రాత్రులు పక్క సీట్లో కూర్చున్నా. ట్రాక్టర్ వెనక పొడుగాటి డ్రాగ్ ఉంటుంది. దాని బ్లేడ్లు గుంతల మధ్య గట్లను చెక్కుతాయి, ఆ పొడి మంచు లోపల దొర్లుతూ గుంతల్లో పడుతుంది, చివర ఉన్న పలక అదిమేస్తుంది. మా తాత గుంటక తోలింది గుర్తొచ్చింది (నా పేరు అలా వచ్చిందే). జనం పరిగెత్తేంత స్పీడు కూడా ఉండదు. తోలాక ఆ దారి చలిలో కొన్ని గంటలు గట్టిపడాలి, అందుకే రాత్రిపూట తోలేది. మంచు పలచగా ఉంటే బ్లేడు రాయిని పీకుతుంది, మట్టిని పైకి తెస్తుంది. తెల్లటి దారి టీ రంగులోకి మారుతుంది. ఆ రంగు ఎండని లాగేసుకుంటుంది. ఇంకొక్క ఎండ రోజు చాలు.

అసలు సంగతి భూములది. మిషిగన్ ట్రైళ్లలో సుమారు సగం ప్రైవేటు భూముల్లోంచే పోతాయి. వాళ్లు ఒప్పుకుంటేనే దారి. కంకర తగలగానే మనవాళ్లు ఏం చేస్తారు? పక్కన పొలంలో మంచు కనిపిస్తే అటు దిగుతారు. మంచు కింద నాటిన చిన్న పైన్ మొక్కలుంటాయి. ఆ ఆసామి మరుసటి ఏడు "ఇక రావద్దు" అంటే నలభై ఎకరాల ముక్క కోసం మొత్తం రూటు తెగిపోతుంది. అందుకే కౌంటీ మొత్తం వద్దు, ముక్కలు ముక్కలుగా మూయాలి అంటాను.

మిన్నెసోటా_అక్క:
అంకెలు పెట్టి తెరవడం, మూయడం విన్నప్పుడల్లా నాకు సరస్సుల సంగతి గుర్తొస్తుంది. మా రాష్ట్రం స్నోమొబైల్‌కి కనీసం 5 అంగుళాల గట్టి, తేట మంచుగడ్డ ఉండాలని చెప్తుంది. మిషిగన్ డీఎన్ఆర్ (సహజ వనరుల శాఖ) అయితే అసలు అంగుళాల లెక్కే నమ్మొద్దంటుంది. ఒకే సరస్సులో ఇక్కడ మందంగా, వాగు కలిసేచోట పలచగా ఉంటుంది కదా. ట్రైల్ కూడా అంతే అనిపిస్తుంది. బోర్డు మీది అంకె చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లే ఎక్కువ.

హౌటన్_వాసి:
రాజూ, ముక్కలుగా మూయడం వినడానికి బాగుంది. ఎవరు మూస్తారు? రాత్రి రెండు దాకా గ్రూమర్ తోలినవాడే తెల్లారి వెళ్లి బోర్డులు పాతాలా? మధ్యాహ్నానికి మంచు పడితే మళ్లీ పీకాలా?

గుంటక_రాజు:
గ్రూమర్ తోలేవాడికి ఏ మలుపులో మట్టి తేలిందో ముందే తెలుసు. అడ్డంగా ఒక తాడు కట్టడానికి ఎంతసేపు?

హౌటన్_వాసి:
అడ్డంగా తాడా? చీకట్లో 50 మైళ్ల స్పీడులో వచ్చేవాడి మెడకి? వద్దు బాబూ.

గుంటక_రాజు:
అది నిజమే. తప్పు మాట అన్నాను. మెరిసే పలకలు, కాస్త ముందునుంచే.

హౌటన్_వాసి:
ఇంతకీ సుబ్బు గారూ, ఒక మాట అడగాలి. టెంపరేచర్ లైటు వెలిగిందన్నారు కదా, స్క్రాచర్లు దించారా?

ట్రాయ్_సుబ్బు:
అవేంటి?

హౌటన్_వాసి:
ట్రాక్ (బండి కింద తిరిగే బెల్టు) పక్కన పట్టాలకి రెండు స్ప్రింగు ముళ్లుంటాయి, పైకి మడిచి కొక్కేనికి తగిలించి ఉంటాయి. నీళ్లతో చల్లబడే ఇంజన్‌కి రేడియేటర్ చేయాల్సిన పని చేసేది ట్రాక్ పైనున్న కూలర్లు. ట్రాక్ ఎగజిమ్మే మంచే వాటిని చల్లబరుస్తుంది, స్లైడ్లకి నూనెలా పనిచేసేదీ అదే. దారి గట్టిగా ఉన్నప్పుడు ఆ ముళ్లు కిందికి దించితే గీరుతూ మంచుపొడి లేపుతాయి. కంకర మీద అవీ ఏం చేయలేవు గానీ, అంతకు ముందున్న పది మైళ్లు మీ బండిని కాపాడేవి. ఇది తెలుసుకుని ఎక్కాలి. అందుకే నడిపేవాళ్లకే వదిలేయాలి అంటున్నా.

ట్రాయ్_సుబ్బు:
మూడు చోట్ల సంతకం పెట్టించుకున్నారు, హెల్మెట్ సైజు అడిగారు, ఆ ముళ్ల సంగతి ఒక్కరూ చెప్పలేదు. నాలాంటివాడు వారానికి వంద మంది ఎక్కుతారు అక్కడ. అందుకే మూయాలి అంటున్నా.