పాపర్ రెడ్ బర్న్: 20 మౌంటెన్లు ఎక్కువా? లిస్ట్ చూసి చెప్పండి

కొత్తడెక్:
మ్యాజిక్ ద గ్యాదరింగ్ కార్డుల ఆటలో పాపర్ కోసం, అంటే కామన్ కార్డులు మాత్రమే చెల్లే ఫార్మాట్ కోసం, ఎర్ర బర్న్ డెక్, అంటే ఎదుటివాడి 20 లైఫ్‌ను నేరుగా డ్యామేజ్ స్పెల్స్‌తో తీసే డెక్, కడుతున్నాను. కార్డులకు స్లీవ్‌లు వేసే ముందు ల్యాండ్ల సంఖ్య, అంటే స్పెల్స్ ఖర్చుకు మానా ఇచ్చే కార్డులు ఎన్నుండాలో, తేల్చుకోవాలి. లిస్ట్ ఇదీ.

మౌంటెన్ (ఎర్ర మానా ఇచ్చే ల్యాండ్) 20.
క్రీచర్లు: థర్మో ఆల్కెమిస్ట్, ఘిటు లావారన్నర్, కెసిగ్ ఫ్లేమ్‌బ్రీదర్ నాలుగేసి.
స్పెల్స్: లైట్నింగ్ బోల్ట్, చెయిన్ లైట్నింగ్, లావా స్పైక్, రిఫ్ట్ బోల్ట్, స్క్యూయర్ ద క్రిటిక్స్, సియరింగ్ బ్లేజ్, ఫైర్‌బ్లాస్ట్ నాలుగేసి.

మొత్తం 60. రెండు మౌంటెన్లు తీసి రెండు లావా డార్ట్ పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు. తీయనా?

బోల్ట్_రవ్వ:
తీసెయ్. ఇందులో రెండు మానాకు మించి నిజంగా కట్టే కార్డు ఒక్కటి లేదు. స్క్యూయర్ మీద మూడు మానా అని రాసుంటది గానీ ఎదుటోడికి ఆ టర్న్‌లో దెబ్బ తగిలితే ఒక్క ఎర్ర మానాకే వస్తది. ఫైర్‌బ్లాస్ట్ ఆరు మానా, కానీ రెండు మౌంటెన్లు బలిచ్చి ఊరికే వేస్తవ్. అంటే డెక్ మొత్తం ఒకటి, రెండు మానాల మీదే నడుస్తది. 20 లైఫ్ తీయడానికి మూడేసి చొప్పున ఏడు స్పెల్స్ కావాలె. నాలుగో ల్యాండ్ తర్వాత వచ్చే ప్రతి మౌంటెన్ ఒక బోల్ట్‌ను ఆపుతది. 18 చాలు.

ఎర్రకొండ:
తీయకండి. అసలు ఆ సలహాలోనే లోపం ఉంది. లావా డార్ట్‌ను రెండోసారి వేయాలంటే మౌంటెన్ బలివ్వాలి. ఫైర్‌బ్లాస్ట్ రెండు మౌంటెన్లు తింటుంది. మౌంటెన్లు రెండు తగ్గించి, మౌంటెన్లు తినే కార్డులు రెండు పెంచుతున్నారన్నమాట. ఒక ఫైర్‌బ్లాస్ట్‌కు రెండు, రెండో ఫైర్‌బ్లాస్ట్‌కు ఇంకో రెండు. చేతిలో రెండు ఫైర్‌బ్లాస్ట్‌లు పట్టుకుని మూడు మౌంటెన్ల మీద ఆగిపోయిన ఆటలు ఎన్ని చూశామో మనందరికీ తెలుసు.

ఇంకోటి, సియరింగ్ బ్లేజ్. ఆ టర్న్‌లో మీ ల్యాండ్ దిగితేనే ఎదుటివాడికి, వాడి క్రీచర్‌కు మూడేసి డ్యామేజ్, లేకపోతే ఒక్కొక్కటే. మూడో టర్న్ మీద మూడో ల్యాండ్ పడకపోతే అది రెండు మానాకు ఒక డ్యామేజ్ కార్డు. 18తో నాలుగు బ్లేజ్‌లు పెట్టుకోవడం దండగ.

పూలబండి:
ఎదుట క్రీచర్ లేకపోతే బ్లేజ్ వేయనే లేరు. నాలుగూ మెయిన్ డెక్‌లోనా?

ఎర్రకొండ:
చిన్న క్రీచర్ల డెక్‌లు ఎక్కువ వచ్చే చోట మెయిన్‌లోనే. క్రీచర్లు తక్కువ ఉన్న డెక్ తగిలితే రెండో గేముకు నాలుగూ సైడ్‌బోర్డ్‌లోకి, అంటే గేముల మధ్య మార్చుకునే అదనపు కార్డుల్లోకి. అది వేరే సంగతి, ఇక్కడ ప్రశ్న ల్యాండ్ల గురించి.

లెక్కల_మాస్టారు:
అంకెలు పెడుతున్నాను, వాటి మీద మాట్లాడుకుంటే మంచిది. 60 కార్డుల్లోంచి మొదట చేతికొచ్చే ఏడు.

18 ల్యాండ్లతో: సున్నా లేదా ఒక ల్యాండ్ వచ్చే అవకాశం 31.4 శాతం. రెండు లేదా మూడు, 57.3. నాలుగు, ఆ పైన, 11.2.
20 ల్యాండ్లతో: సున్నా లేదా ఒకటి, 24.7. రెండు లేదా మూడు, 59.3. నాలుగు, ఆ పైన, 15.9.

మంచి చేతుల వాటా రెండిట్లోనూ దాదాపు ఒకటే. మీరు ఎంచుకునేది చెడు ఏ వైపు నుంచి రావాలన్నదే.

ఇంకొక లెక్క. ముందు ఆడేవాడు నాలుగో టర్న్‌కు పది కార్డులు చూస్తాడు. 18తో అందులో సగటున ఏడు స్పెల్స్, 20తో 6.67. తేడా మూడో వంతు స్పెల్, అంటే ఒక డ్యామేజ్.

బోల్ట్_రవ్వ:
చూసిన్రా, ఒక డ్యామేజ్. బర్న్ ఓడిపోయే ఆటల్లో ఎదుటోడు ఒకటి, రెండు లైఫ్ మీద బతికి బయటపడేవే ఎక్కువ. ఆ ఒక్క డ్యామేజే ఆట.

ఎర్రకొండ:
మాస్టారు గారి మొదటి లెక్క వదిలేసి రెండోది పట్టుకున్నారు. 31.4కు, 24.7కు తేడా ఆరున్నర శాతం పైనే. పదిహేను ఆటలకు ఒక ఆట అది. ఒక డ్యామేజ్ కాదు, మొత్తం ఆట.

ఆల్కెమిస్ట్ విలువ కూడా చెప్తాను, కొత్తడెక్ గారికి పనికొస్తుంది. రెండో టర్న్‌లో ఆల్కెమిస్ట్ దిగింది, మూడో టర్న్ మొదలైంది. ముందు దాన్ని ట్యాప్ చేయండి, అంటే పక్కకు తిప్పి వాడండి, ఒక డ్యామేజ్. దెబ్బ తగిలింది కాబట్టి స్క్యూయర్ ఒక మానాకే వస్తుంది. స్పెల్ వేయగానే ఆల్కెమిస్ట్ మళ్ళీ లేస్తుంది, ఇంకొకటి. తర్వాత బోల్ట్, మళ్ళీ లేస్తుంది. రెండు ల్యాండ్లతో ఆ టర్న్‌లో 9 డ్యామేజ్. మూడు ల్యాండ్లుంటే ఇంకో స్పెల్‌తో 13. మూడో ల్యాండ్ విలువ నాలుగు డ్యామేజ్. రెండు ల్యాండ్ల చేయి ఉంచుకుని, తర్వాత ఆడేటప్పుడు, మూడో టర్న్ లోపు మూడోది దొరికే అవకాశం 18తో ఎంత, 20తో ఎంత? మాస్టారూ, చెప్పండి.

లెక్కల_మాస్టారు:
18తో 66.8 శాతం. 20తో 72.1.

బోల్ట్_రవ్వ:
అయిదు శాతం. అయిదు శాతాన్ని నాలుగు డ్యామేజ్‌తో గుణిస్తే 0.2. అటు ఒక డ్యామేజ్, ఇటు 0.2. లెక్క మీరే అడిగిన్రు.

లెక్కల_మాస్టారు:
అలా గుణించకూడదు. ఆ అయిదు శాతం రెండు ల్యాండ్ల చేతికి మాత్రమే, అందులోనూ ఆల్కెమిస్ట్ ఉన్నప్పుడే. ఒక డ్యామేజ్ అన్ని ఆటల సగటు. ఈ రెండూ ఒకే తక్కెడలో తూగవు.

దారపురీలు:
స్లీవ్‌లు కొత్తవైతే అంటుకుంటాయి. కనీసం ఏడెనిమిది సార్లు రిఫుల్ షఫిల్ చేయకపోతే ఈ శాతాలేవీ పని చేయవు. ఆట అయ్యాక ల్యాండ్లన్నీ ఒక కుప్పగా తీసి పైన పెట్టి నాలుగు సార్లు కలిపేవాళ్ళే ఎక్కువ.

నీలిఅల:
నేను మీకు ఎదురు కూర్చునే నీలి డెక్ ఆడతాను. అటు నుంచి ఎలా కనబడుతుందో చెప్తాను. మొదటి గేములో 18 ల్యాండ్ల బర్నే నాకు ఎక్కువ ఇబ్బంది. రెండో గేముకు హైడ్రోబ్లాస్ట్‌లు దింపుతాను. ఒక నీలి మానాతో ఏ ఎర్ర స్పెల్‌నైనా కౌంటర్ చేస్తుంది, అంటే పని చేయకుండా ఆపేస్తుంది. అప్పుడు నేను ఎదురు చూసేది ఫైర్‌బ్లాస్ట్ కోసమే. మౌంటెన్లు బలివ్వడం ఖర్చులో భాగం, కాబట్టి స్పెల్ కౌంటర్ అయినా ల్యాండ్లు తిరిగి రావు. మూడు మౌంటెన్లున్నవాడు రెండు బలిచ్చి, ఆ ఫైర్‌బ్లాస్ట్ కూడా పోయిందంటే, ఒక్క మౌంటెన్ మీద మిగులుతాడు. 18 ల్యాండ్ల డెక్ అక్కడి నుంచి లేవడం అరుదు.

ఎర్రకొండ:
ఇదే నేను చెప్తున్నది.

బోల్ట్_రవ్వ:
ఇది ల్యాండ్ల సమస్య కాదన్నా, ఆడే తీరు సమస్య. నీలి డెక్ మీద ఫైర్‌బ్లాస్ట్ మొదట వేయొద్దు. ముందు మౌంటెన్లు రెండూ ట్యాప్ చేసి మానా తీసుకో, బోల్ట్ వెయ్, దానికి హైడ్రోబ్లాస్ట్ ఖర్చు పెట్టనియ్. మిగిలిన మానాతో ఇంకో స్పెల్. ఆఖరుకు అవే ట్యాప్ చేసిన మౌంటెన్లు బలిచ్చి ఫైర్‌బ్లాస్ట్. మూడు, మూడు, నాలుగు, రెండు మౌంటెన్లలోంచి పది డ్యామేజ్ తీయొచ్చు, బోల్ట్ పోయినా ఏడు. సైడ్‌బోర్డ్‌లో నీలి స్పెల్స్‌ను ఆపే పైరోబ్లాస్ట్‌లు నాలుగు ఎందుకున్నయ్ మరి?

ఎర్రకొండ:
పైరోబ్లాస్ట్‌కు కూడా ఒక మానా కావాలి. రెండు మౌంటెన్లతో రెండు స్పెల్స్ వేశాక పైరోబ్లాస్ట్‌కు మానా ఎక్కడ నుంచి వస్తుంది? ఎదుటివాడి క్రీచర్లన్నిటికీ తగిలేలా ఎలక్ట్రికరీని ఓవర్‌లోడ్ చేయాలంటే మూడు మానా. సైడ్‌బోర్డ్ మొత్తం మూడో ల్యాండ్‌ను అడుగుతోంది.

బోల్ట్_రవ్వ:
పచ్చ డెక్‌లు కూడా చెప్పు. వెదర్ ద స్టార్మ్ దింపుతరు, మూడు లైఫ్ ఇచ్చే స్పెల్, ఆ టర్న్‌లో దానికి ముందు పడ్డ ఒక్కో స్పెల్‌కు ఒక నకలు వస్తది. ఆ టర్న్‌లో నువ్వు మూడు స్పెల్స్ వేసినవనుకో, వాడు జవాబుగా అది వేస్తే మూడు నకళ్ళు, అసలుది ఒకటి, 12 లైఫ్ వచ్చేస్తది. అందుకే పచ్చ మీద టర్న్‌కు ఒక్కటే వేస్తం. ఒక్కటే వేసేటోనికి మూడో ల్యాండ్ ఎందుకు? ఆట సాగినకొద్దీ కార్డులు ఎక్కువ చూస్తవ్, ల్యాండ్లు వాటంతటవే వస్తయ్. పొడుగు ఆటలో కావల్సింది స్పెల్స్.

ఎర్రకొండ:
మీరు ప్రతిసారీ ఇదే పాట. పోయిన ఏడాది ఇదే వేదికలో మీ మాట విని 17కు దించిన మనిషి ఆఖరి రౌండ్‌లో రెండు గేములూ ఒక్క మౌంటెన్ మీద కూర్చుని ఓడాడు. కొత్తవాళ్ళకు సలహా ఇచ్చేటప్పుడు కాస్త బాధ్యత ఉండాలి.

బోల్ట్_రవ్వ:
రెండు గేములు! రెండు గేములు పట్టుకుని ఏడాదిగా నన్ను అంటున్నరు. 20తో ఫ్లడ్ అయ్యి ఓడినోళ్ళు వచ్చి ఇక్కడ రాయరు, ఎందుకంటే ల్యాండ్లు ఎక్కువొచ్చి ఓడితే దురదృష్టం అంటరు, తక్కువొచ్చి ఓడితే రవ్వ తప్పు అంటరు. ఆ మనిషి ఒక ల్యాండ్ చేతులు ఎందుకు ఉంచుకున్నడు? అది అడిగిన్రా ఎప్పుడన్నా?

ఎర్రకొండ:
ఉంచుకోక? లావారన్నర్, రిఫ్ట్ బోల్ట్, లావా స్పైక్, బోల్ట్, ఒక మౌంటెన్. తర్వాత ఆడేటప్పుడు అలాంటి చేయి ఎవరైనా ఉంచుకుంటారు.

బోల్ట్_రవ్వ:
నేను ఉంచుకోను. ఎన్నడూ. ముందు ఆడినా, తర్వాత ఆడినా, ఒక ల్యాండ్ చేయి వస్తే మల్లిగన్, అది కలిపేసి కొత్త చేయి తీస్తా.

లెక్కల_మాస్టారు:
ఒక ల్యాండ్ చేతికి రెండో టర్న్ లోపు రెండో ల్యాండ్ దొరికే అవకాశం. ముందు ఆడితే 18తో 32.1 శాతం, 20తో 35.8. తర్వాత ఆడితే 18తో 54.3, 20తో 59.3.

ఎర్రకొండ:
రవ్వా, బర్న్‌లో ఆరు కార్డులకు దిగడమంటే మూడు డ్యామేజ్ ముందే వదిలేసుకోవడం. ల్యాండ్ ఒకటి తగ్గిస్తే వచ్చేది అర డ్యామేజ్ అయితే, మల్లిగన్‌తో పోయేది మూడు. 18తో మూడోవంతు చేతులు పారేస్తూ మూడేసి పోగొట్టుకుంటారా?

బోల్ట్_రవ్వ:
గది పాత మల్లిగన్ లెక్క అన్నా. 2019 నుంచి ఏడు కార్డులు తీసి ఒకటి కిందికి పంపుతున్నం కదా. కిందికి పోయేది నాకు పనికిరానిది, నాలుగో ల్యాండో, రెండో ఫైర్‌బ్లాస్టో. ఆరు కార్డుల చేయి అంటే ఏడులోంచి ఏరుకున్న ఆరు. రెండు మౌంటెన్లు, నాలుగు స్పెల్స్ ఏరుకున్న చేయి, ఒక మౌంటెన్ ఆరు స్పెల్స్ చేయి కన్నా నయం. అందుకే నాకు 18 నడుస్తది. మీరు ఒక ల్యాండ్ చేతులు ఉంచుకుంటరు, అందుకే మీకు 20 కావాలె.

లెక్కల_మాస్టారు:
వరసగా రెండు చేతులూ సున్నా లేదా ఒక ల్యాండ్‌వే వచ్చే అవకాశం 18తో 9.9 శాతం, 20తో 6.1.

ఎర్రకొండ:
ఆ పదో ఆటలో అయిదు కార్డులతో ఏం చేస్తారు?

బోల్ట్_రవ్వ:
ఓడిపోత. మిగిలిన తొమ్మిదింటి కోసం కడతా డెక్.

ఎర్రకొండ:
నేను ఆ ఒక్కటి కూడా ఆడదగ్గ ఆట కావాలని కడతాను. ఏడు రౌండ్లలో ఒక్క మ్యాచ్ అలా పోతే పైకి వెళ్ళే దారి మూసుకుపోతుంది. ఒక ల్యాండ్ చేయి ఎప్పుడూ ఉంచనని మీరు ఈ ముక్క ఏడాది క్రితమే చెప్పి ఉంటే ఆ మనిషి 17కు దిగేవాడు కాదు. తక్కువ ల్యాండ్ల లిస్ట్ ఇచ్చి, దాన్ని ఆడే నియమం చెప్పకుండా వదిలేశారు.

బోల్ట్_రవ్వ:
అది నిజమే. చెప్పాల్సింది.

పూలబండి:
ఫర్గాటెన్ కేవ్ రెండు పెడితే? ల్యాండ్ కావాలంటే ల్యాండ్, వద్దంటే సైకిల్ చేసి, అంటే దాన్ని పారేసి, కొత్త కార్డు.

ఎర్రకొండ:
వద్దు. కేవ్ మౌంటెన్ కాదు, ఫైర్‌బ్లాస్ట్‌కు బలివ్వలేరు. పైగా ట్యాప్ అయి దిగుతుంది. మొదటి టర్న్‌లో రిఫ్ట్ బోల్ట్ సస్పెండ్ చేయాల్సిన (ఒక మానాకు పక్కన పెట్టి తర్వాతి టర్న్‌లో పేల్చాల్సిన) చోట అది వస్తే ఒక టర్న్ పోయినట్టే.

బోల్ట్_రవ్వ:
ఇందులో అన్నతోనే ఉంటా. అన్నీ మౌంటెన్లే ఉండాలె.

కొత్తడెక్:
19 మౌంటెన్లు, ఒక లావా డార్ట్‌తో మొదలుపెట్టాను. ఊరికే 50 చేతులు పంచి చూశాను. సున్నా లేదా ఒక ల్యాండ్ 16 సార్లు, అయిదు ఆ పైన ఒకసారి.

బోల్ట్_రవ్వ:
అయిదు ఒక్కసారే వచ్చిందంటే ఫ్లడ్ భయం లేదు. ఇంకొకటి తీయొచ్చు.

ఎర్రకొండ:
50కి 16 అంటే మూడింట ఒకటి పోయినట్టే. ఇంకొకటి పెట్టాలి.

లెక్కల_మాస్టారు:
19కి లెక్క ప్రకారం 27.9 శాతం, అంటే 50కి సుమారు 14 రావాలి. 16 మామూలు హెచ్చుతగ్గే. దీన్ని బట్టి తీయడమూ, పెట్టడమూ కుదరదు.

ఎర్రకొండ:
సరే, ఆ 16లో ఒక ల్యాండ్ చేతులు ఎన్ని? వాటిల్లో మొదటి టర్న్‌లో వేయగల లావారన్నరో, రిఫ్ట్ బోల్టో ఉన్నవి ఎన్ని? తర్వాత ఆడితే ఉంచుకోగలిగేవి అవే.

కొత్తడెక్:
అవి విడిగా రాసుకోలేదండి. మళ్ళీ పంచుతాను.