డాడ్‌గాడ్ ట్యూనింగ్ పెడితే ఆరో స్ట్రింగ్ బజ్ వస్తోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. ఆరేళ్లుగా అకౌస్టిక్ గిటార్ మామూలు ట్యూనింగ్‌లోనే వాయిస్తున్నాను. పోయిన నెల మొదటిసారి డాడ్‌గాడ్ (ఆరో స్ట్రింగ్ నుంచి వరుసగా డి-ఎ-డి-జి-ఎ-డి) పెట్టాను. ఒకటో, ఆరో స్ట్రింగులు ‘ఈ’ నుంచి ‘డి’కి, రెండోది ‘బి’ నుంచి ‘ఎ’కి దించాను, అంతే. ఆరూ కలిపి ఒక్కసారి మీటేసరికి ఒళ్లు పులకరించింది! ‘డి’ని షడ్జమం అనుకుంటే స-ప-స-మ-ప-స వస్తుంది. పక్కన ఎవరో తంబూరా పట్టుకుని కూర్చున్నట్టే ఉంది.

చిక్కంతా మోహన దగ్గర వచ్చింది. ఆ రాగంలో మధ్యమం లేదు కదా, మూడో స్ట్రింగ్ ఊరికే మోగినా చెవికి తగులుతోంది. దాన్ని అర స్వరం దించితే అంతర గాంధారం వస్తుంది, అంటే ఓపెన్ డి ట్యూనింగ్ అవుతుంది. మోహన వాయించేవాళ్లు అలాగే పెడతారా, లేక డాడ్‌గాడ్‌లోనే ఆ స్ట్రింగ్‌ని వేలితో ఆపేస్తారా?

ఇంకోటి. ఆరో స్ట్రింగ్ వదులై, రెండు మూడు ఫ్రెట్ల దగ్గర గట్టిగా మీటితే బజ్ (స్ట్రింగ్ ఫ్రెట్‌కి తగిలి వచ్చే జరజర శబ్దం) వస్తోంది. ఇప్పుడున్నది 12 గేజ్ (స్ట్రింగ్ మందం) సెట్. 13కి మారితే సరిపోతుందా, ట్రస్ రాడ్ (గిటార్ మెడ లోపల దాని వంపు సరిచేసే కడ్డీ) కూడా తిప్పించాలా? నాకు నేనుగా తిప్పాలంటే భయంగా ఉంది.

సముద్రపు గాలికి ఇక్కడ స్ట్రింగులు త్వరగా తుప్పు పడుతున్నాయి. రోజూ దించి, ఎక్కించి చేస్తుంటే మొన్న ఒకటోది తెగిపోయింది. కోటెడ్ స్ట్రింగులు వాడినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.