బెంగళూరు హోమ్‌కేర్ కంపెనీలో నర్సుగా చేరే ముందు ఏం చూసుకోవాలి?

అనంతపురం నుంచి: జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) అయింది. హోమ్‌కేర్‌లో జీతం 19 వేలంటున్నారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతున్నారు. మేనేజ్‌మెంట్ మంచిది కాదని విన్నాను. చేరనా?

కె.ఆర్.పురం నుంచి: ఒరిజినల్స్ చూపించు తల్లీ, ఇవ్వకు. వాళ్ల బీరువాలోకి వెళ్లాయంటే మానేసే రోజున బేరాలు మొదలు. జిరాక్సుల మీద ఎందుకిస్తున్నావో రాసి సంతకం పెట్టు. ఆఫర్ లెటర్లో ‘కన్సల్టెంట్’ అనుంటే జాగ్రత్త: 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి పీఎఫ్, ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) ఎగ్గొట్టే దారి అది. 21 వేల లోపు జీతానికి ఈఎస్‌ఐ ఉండాలి. నీ వాటా 0.75 శాతం, కంపెనీది 3.25. స్లిప్పులో కోత చూసి నమ్మకు. కంపెనీ మరుసటి నెల 15లోపు కట్టాలి, కాబట్టి 20 దాటాక ప్రభుత్వ యాప్ ఉమాంగ్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడు. కర్ణాటక నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ పని కూడా ఇప్పుడే మొదలుపెట్టు.

మారతహళ్లి నుంచి: అసలు తలనొప్పి, కేసులు అప్పగించే కోఆర్డినేటర్ ఫోన్లతో. ‘మంచం మీదున్న పెద్దాయన, అంతే’ అంటారు; వెళ్లి చూస్తే ఊపిరి కోసం గొంతుకు రంధ్రం పెట్టి వేసిన ట్రకియాస్టమీ ట్యూబు. ట్యూబులేమున్నాయి, ఇంజెక్షన్లేమిటి, ఏ డాక్టరు, రిలీవర్ (నీ తర్వాత డ్యూటీకొచ్చేది) ఎవరు అని ముందే వాట్సాప్‌లో అడుగు. ఫోన్లో చెప్తే ‘మీరు ఇలా చెప్పారు’ అని తిరిగి మెసేజ్ పెట్టు. ఏదైనా జరిగితే ఫోన్ మాట ఎవరికీ గుర్తుండదు, తప్పు నర్సుదే అవుతుంది.

ట్రకియాస్టమీ కేసైతే కఫం లాగే సక్షన్ మెషీన్ ఆన్ చేసి చూడు. అదే సైజు ట్యూబు ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి పక్కనుండాలి. కరెంటు పోతే ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఆగిపోతుంది, కాబట్టి నిండు సిలిండర్, దాని రెగ్యులేటర్ తప్పనిసరి. లేవంటే ఫోటో తీసి పంపి, వచ్చేదాకా కేసు ఒప్పుకోకు. ఐవీ యాంటీబయాటిక్ మొదటి డోసు ఇంట్లో ఇవ్వమంటే కుదరదని చెప్పు. రియాక్షన్ వస్తే ఆ ఇంట్లో నువ్వొక్కదానివే ఉంటావు.

సూది గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో కడిగి వెంటనే ప్రభుత్వాసుపత్రి ఏఆర్‌టీ సెంటర్‌కి (హెచ్‌ఐవీ మందులిచ్చే చోటు) వెళ్లు. బౌరింగ్ ఆసుపత్రిలో ఉంది. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు 2 గంటల్లో మొదలైతే మేలు, 72 గంటలు దాటితే పనిచేయదు. ‘పేషెంటు వాళ్లకి చెప్పకు, రేపు చూద్దాం’ అనే మేనేజర్ మాట అసలు వినకు.

వైట్‌ఫీల్డ్ నుంచి: ప్రయాణ ఖర్చు లెటర్లో రాయించుకో. శక్తి ఫ్రీ బస్సు కర్ణాటక అడ్రసున్న ఆడవాళ్లకే, మన ఆంధ్రా ఆధార్‌కి కండక్టర్ టికెట్ కొడతాడు.

కె.ఆర్.పురం నుంచి: ఇంకోటి. పేషెంటు ఇల్లు కూడా చట్టం లెక్కలో పనిచేసే చోటే. ఆ ఇంట్లో ఎవడైనా వెకిలిగా ప్రవర్తిస్తే 3 నెలల్లోపు లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే కంపెనీ కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వు. జీతం మరుసటి నెల 7లోపు పడకపోతే ముందు మెయిల్, తర్వాత బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవన్ (కార్మిక శాఖ ఆఫీసు). పీఎఫ్ గొడవైతే ఈపీఎఫ్ఓ సైట్లోనే ఫిర్యాదు పెట్టొచ్చు.