ఫ్రాంక్ విల్సన్ రికార్డు అసలు ప్రతి ఎందుకంత అరుదు?

ప్రశ్న:
మిత్రులకు నమస్కారం. నార్దర్న్ సోల్ (ఉత్తర ఇంగ్లాండు నృత్యశాలల్లో ఆదరణ పొందిన అమెరికన్ సోల్ సంగీతం) అభిమానులు అపురూపంగా చెప్పుకునే ఫ్రాంక్ విల్సన్ పాట ‘డూ ఐ లవ్ యూ’ 1965 నాటి అసలు ప్రతి అంత అరుదు కావడానికి కారణమేమిటి? పాత అమెరికన్ 45లు (నిమిషానికి 45 సార్లు తిరిగే చిన్న రికార్డులు) కొనేటప్పుడు ఏమేమి గమనించాలో కూడా తెలియజేయగలరు.

మొదటి జవాబు:
అమెరికన్ రికార్డు కంపెనీ మోటౌన్ తన అనుబంధ లేబుల్ ‘సోల్’ కోసం ప్రచార ప్రతులు ముద్రించిన తరువాత, విల్సన్ గాయకుడిగా కంటే రచయితగా, నిర్మాతగా కొనసాగడానికే మొగ్గు చూపడంతో విడుదల నిలిచిపోయింది. ప్రతులను దాదాపు అన్నింటినీ నాశనం చేశారు. ఇంగ్లాండులోని విగన్ క్యాసినో అనే నృత్యశాలలో ఈ పాట మోగిన రోజుల్లో, దాని ఆచూకీ పోటీ డీజేలకు చిక్కకూడదని ఎడీ ఫాస్టర్ అనే మరో గాయకుడి పేరుతో వినిపించేవారు. అసలు పేర్లను ఇలా దాచడం అప్పట్లో అక్కడ మామూలే. 2009లో ఒక ప్రతి 25,742 పౌండ్లు పలికింది. నా దృష్టిలో ధరకన్నా ఆ పాటలోని ఉత్సాహమే గొప్పది.

రెండవ జవాబు:
పాట వినడమే ముఖ్యమైతే మోటౌన్ బ్రిటిష్ లేబుల్ టామ్లా మోటౌన్ 1979లో బ్రిటన్‌లో విడుదల చేసిన ప్రతిని వెతకండి. ఇక అమెరికన్ 45ల విషయానికి వస్తే, చాలావాటిని వినైల్‌తో కాక స్టైరీన్ అనే మరో రకం ప్లాస్టిక్‌తో చేశారు. వాటిపై లేబుల్ కాగితం రికార్డులో కలిసిపోకుండా పైన అతికించినట్లు ఉంటుంది. అరిగిన సూదితో కొన్నిసార్లు వాయించినా స్టైరీన్ గాడి చెడి, బరబరమనే శబ్దం వస్తుంది కనుక, పైకి నిగనిగలాడుతున్నా వినకుండా కొనవద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ముందుగా 1979 ప్రతి కోసమే ప్రయత్నిస్తాను.