శరణార్థి, కాందిశీకుడు, నిర్వాసితుడు: ఏది ఎక్కడ?

(విశాఖపట్నంలో నలుగురి మాటలు. ఎవరిది ఏ పేటో ఆ పేరే వాళ్ల మాట ముందు.)

ఎంవీపీ కాలనీ: వచ్చే ఆదివారం మా బుక్ క్లబ్బులో ఒక నవల చర్చకు వస్తోంది. యుద్ధానికి ఊరొదిలి, సరిహద్దు దాటి, ఏళ్లతరబడి శిబిరంలో ఉండిపోయిన కుటుంబం కథ. ప్రశ్నల కాగితం తెలుగులో రాస్తున్నాం. కొందరు కాందిశీకులంటున్నారు, కొందరు నిర్వాసితులు. వలస కుటుంబం అంటే చాలదా అని ఇంకొకరు. ఏది పెట్టమంటారు?

గాజువాక: నిర్వాసితులు వద్దండి. మన వైపు ఆ మాట వింటే స్టీల్‌ప్లాంటుకి భూములిచ్చిన ఆర్-కార్డు (పునరావాస కార్డు) వాళ్లు, పోలవరం ముంపు ఊళ్లవాళ్లు గుర్తొస్తారు. వాళ్లు దేశం దాటలేదు, పరిహారం అడిగేది సొంత ప్రభుత్వాన్నే. 1951 ఐక్యరాజ్యసమితి ఒప్పందం లెక్కలో శరణార్థి సొంత దేశం బయట ఉండాలి. జాతి, మతం, జాతీయత, ఫలానా సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం, వీటిలో ఏదో ఒకదానివల్ల తనను వేధిస్తారన్న భయానికి ఆధారం చూపాలి. (మన దేశం దానిమీద సంతకం పెట్టలేదు, అది వేరే సంగతి.) ‘యుద్ధం జరుగుతోంది, పారిపోయి వచ్చాం’ అంటే ఆ ఐదింటిలోకీ రాదు. నవలలో అధికారి విచారణ ఘట్టం ఉంటే ఒక ప్రశ్న దానిమీదే పెట్టండి.

కంచరపాలెం: కాందిశీకుడిని మాత్రం అలా కొట్టేయకండి మాస్టారూ. ‘కాందిశీకో భయద్రుతః’ అని అమరకోశం, అంటే భయంతో పరుగెత్తేవాడు. ‘కాం దిశమ్’, ఏ దిక్కుకి పోను అన్న ప్రశ్నలోంచి పుట్టిందంటారు. 1942లో జపాన్ దాడికి జడిసి వచ్చినవాళ్లూ, 1962లో సైన్యం గద్దెనెక్కి వ్యాపారాలు జాతీయం చేశాక వచ్చినవాళ్లూ అందరూ మనకి బర్మా కాందిశీకులే. మా పక్కనున్న బర్మా క్యాంపు పేరు తెలిసిందేగా. చిక్కల్లా రెవెన్యూ భాషతో. అక్కడ కాందిశీకుల ఆస్తి అంటే విభజనప్పుడు పాకిస్తాన్ వెళ్లిపోయినవాళ్లు వదిలిన ఆస్తి. దానికి 1950లో చట్టమే వచ్చింది, 2005లో రద్దయింది. వచ్చినవాడూ కాందిశీకుడే, పోయినవాడూ కాందిశీకుడే! అందుకే పారిపోయే అధ్యాయాలకి ఇది బాగా అతుకుతుంది, శిబిరం అధ్యాయాలకి అతకదు.

సీతమ్మధార: శిబిరానికి శరణార్థే సరి. పోతన గజేంద్రుడు ‘ఈశ్వరునే శరణంబు వేడెదన్’ అన్నప్పుడు కోరింది రక్షణ. కానీ ‘శరణం గృహరక్షిత్రోః’ అని అమరం ఇల్లు, రక్షించేవాడు రెండర్థాలూ ఇచ్చింది. నవలలో కుటుంబానికి రెండోది దొరికి మొదటిది దొరకలేదా? ఇది అడిగితే చర్చ గంటసేపు నడుస్తుంది. అక్షరం జాగ్రత్త. అర్థిలో థ, ధ కాదు. టైపు చేసేటప్పుడు పదిమందిలో సగం మంది ‘శరణార్ధి’ అనే కొడతారు. కాందిశీకుడిలో ద-కి ఒత్తు లేదు. ఆడవాళ్లకి శరణార్థిని, విద్యార్థినిలాగే.

ఎంవీపీ కాలనీ: మరి వలస?

గాజువాక: మన జిల్లాల్లో అది బతుకుతెరువు మాట. శ్రీకాకుళం మత్స్యకారులు వెరావల్ బోట్లమీదికి పోతారు, సీజన్ అయ్యాక ఇంటికొస్తారు. అది వలస. కొత్తవలస, పాలవలస లాంటి ఊరిపేర్లలో అయితే వచ్చి స్థిరపడిన చోటని అర్థం. ఈ కుటుంబానికి రెండూ కుదరవు.

కంచరపాలెం: కాగితం పైన ‘శరణార్థి కుటుంబం’ అని పెట్టేయండి. లోపల ప్రశ్నల్లో మాత్రం ఎవరు ఎవర్ని ఏమన్నారో ఆ మాటే, పేజీ నంబరుతో సహా. అనువాదకులు అన్నిచోట్లా ఒకే మాట వాడి ఉంటే దాన్నీ ఒక ప్రశ్న చేయండి. గార్డు తిట్టు, పొరుగువాడి జాలి, దరఖాస్తు ఫారం భాష మూడూ ఒక్కలాగే వినిపిస్తున్నాయేమో చూడమనండి.